తిరగని బండి

ఏడాదికోసారి ఆయిలు మార్చాలి, తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి, ఇందులో అర్థం కానిదేముంది, కిలోమీటర్లు చూడకండి సార్, క్యాలెండరు చూడండి అన్నాను, నిలబెట్టిన ఇంజను తిరిగే ఇంజను కన్నా తొందరగా చస్తుంది అన్నాను, మేనేజరు గదిలో నిలబడి అన్నాను, ఆయన కారు తలుపు పట్టుకుని అన్నాను, ఇప్పుడు ఫ్యాక్టరీలో మంటలార్పే అదే ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని, కట్లు కట్టిన రెండు అరచేతులతో పానా పట్టుకుని, ఆయిలు చాంబరు బోల్టుకి తగిలించి లాగుతున్నాను, అది కదలడం లేదు, పళ్లు నూరుకుపోతున్నాయి, మోచేయంత పొడుగు పానా ఇది, దీంతో మనిషి మోకాలి చిప్ప మీద ఒక్కటిస్తే రెండు ముక్కలవుతుంది, మేనేజరు మోకాలు ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఎప్పుడూ ఇస్త్రీ మడత లోపలే ఉంటుంది, ముందు మోకాలు, తర్వాత వాచీ పెట్టుకున్న మణికట్టు, తర్వాత నోరు, ఆ నోట్లోంచే కదా వచ్చింది తిరగని బండికి ఆయిలెందుకు మేస్త్రీ అన్న మాట, నవ్వుతూ కూడా అన్నాడు, నవ్విన పళ్లన్నీ ఒక్కొక్కటిగా ఈ సిమెంటు నేల మీద రాలాలి, ఆ చప్పుడు వినాలి.

పొద్దున ఎనిమిదింటికే పిలిచాడు, కూర్చోమన్నాడు, ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ కుర్చీలో కూర్చోమనడం అదే మొదటిసారి, పదకొండింటికి విచారణ అధికారి వస్తున్నాడు మేస్త్రీ, ఇంజను విప్పించి చూస్తాడు, ఆ పాత ఆయిలు తీసేసి కొత్తది పొయ్యి, కార్డు మీద నీ సంతకాలున్నాయి, కార్డుకీ ఇంజనుకీ పొంతన ఉండాలి, నీ మంచికే చెప్తున్నా, ఇద్దరం బతకాలి కదా అన్నాడు, నేను తలూపాను, ఎందుకు ఊపానో, బుర్ర ఊపడం అలవాటైపోయిన మెడ ఇది, ట్రక్కు తలుపుకి ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది ఆ కార్డు, ఆయిలు మార్చిన తేదీ, మార్చిన వాడి సంతకం, నాలుగేళ్లకు నాలుగు సంతకాలు, మొదటిది నిజం, మిగతా మూడూ అబద్ధం, తనిఖీ వాళ్లు వస్తున్నారు ముందు సంతకం పెట్టేయ్ తర్వాత చూద్దాం అంటే పెట్టాను, మూడేళ్లుగా ఇవ్వలేదు నాకు ఆయిలు, మూడేళ్లు, చేయి నాదే కానీ మాట వాడిది, ఆ మాటకి మా తమ్ముడు కాలిపోయాడు, గురువారం మధ్యాహ్నం, ఇవాళ సోమవారం, ఈ నాలుగు రోజులుగా నేను నిద్రపోలేదు, కళ్లు మూస్తే రేకు చప్పుడు.

అల్లుడుగారు అని పిలిచేవాళ్లం ఈ బండిని, ఫ్యాక్టరీలో అందరూ, ఎందుకంటే ఏ పనీ చెయ్యదు, నీడలో ఉంటుంది, వారానికోసారి స్నానం, ఎవరూ ఒక్క మాట అనడానికి లేదు, అల్లుడుగారు లేచారా, అల్లుడుగారికి జలుబు చేసిందా, మా తమ్ముడే పెట్టాడు ఆ పేరు, వాడికి మనుషులకీ వస్తువులకీ పేర్లు పెట్టడం సరదా, డ్రైవరుకి బక్కోడు అని పెట్టాడు, నాకు పానా అని పెట్టి నా ముందు మాత్రం అన్నయ్యా అనేవాడు, నాలుగు వేల లీటర్ల నీళ్ల ట్యాంకు వీపు మీద మోసుకుంటూ ఏడాదికి నలభై కిలోమీటర్లు కూడా తిరగదు ఈ బండి, సోమవారం సోమవారం బక్కోడు వచ్చి అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తాడు, అదే దాన్ని చంపింది, అయిదు నిమిషాల్లో ఇంజను వేడెక్కదు, లోపల పట్టిన చెమ్మ ఆవిరై బయటికి పోదు, నీళ్లై ఆయిల్లోనే ఉండిపోతుంది, సగం కాలిన డీజిలు కారి అందులోనే కలుస్తుంది, ఆయిలు పులిసిపోతుంది, పులిసిన ఆయిలు ఇనుమును తింటుంది, నాకు పని నేర్పిన ముసలి మేస్త్రీ ఒకసారి నేను ఆయిలు మూత చూడకుండా బిగించేసినందుకు ఆయిలు చేత్తోనే చెంప మీద కొట్టాడు, మూత వెనక చూడరా గాడిదా, మీగడలా తెల్లగా పేరుకుందంటే లోపల నీళ్లు చేరినట్టే అన్నాడు, చెంప మీద అయిదు వేళ్లూ నల్లగా అచ్చు పడ్డాయి, ఆ రోజు నుంచి ఏ బండి మూత తీసినా వెనక్కి తిప్పి చూస్తాను, దీని మూత కూడా చూశాను, మీగడ ఉంది, చూసి మూసేశాను, ఎప్పుడు చూశాను, ఎప్పుడైతేనేం, బోల్టు కదలవేం నువ్వు, నీ అమ్మ, కదులు.

కదిలింది, చేతుల కట్లలోంచి నెత్తురు ఊరింది, బోల్టు ఊడి పళ్లెంలో పడి గిర్రున తిరిగింది, ఆయిలు రాలేదు, పదహారు లీటర్ల ఆయిలు పట్టే ఇంజను, కన్నం తెరిచి ఉంది, ఏమీ రాలేదు, తర్వాత మెల్లగా నల్లటి ముద్ద ఒకటి తల బయట పెట్టింది, జారలేక వేలాడింది, పానా కొన కన్నంలో పెట్టి పొడిచాను, పొడిచి తిప్పాను, పశువు కడుపులోంచి పేగు లాగినట్టు ముద్దలు ముద్దలుగా వచ్చి పళ్లెంలో థపక్ థపక్ మని పడింది, ముఖం మీద చిందింది, పెదాల మీద, కుళ్లిన పులుపు వాసన, వేళ్ల మధ్య పెట్టి నలిపితే ఇసుక ఇసుకగా ఉంది, ఇసుక కాదు, ఇంజను లోపలి ఇనుమే అరిగి రాలిన పొడి, అడుగున జల్లెడ మొత్తం ఈ జిగురుతో మూసుకుపోయి ఉంటుంది, ఆయిలు చుక్క కూడా పైకి ఎక్కి ఉండదు, గురువారం మధ్యాహ్నం రెండున్నరకి బక్కోడు పరుగెత్తుకొచ్చి తాళం తిప్పి, ఇంజను చల్లగా ఉండగానే యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే, ఎండిపోయిన ఇనుము మీద ఇనుము, అది అరిచింది, ఇంజను అలా అరవడం నేనెప్పుడూ వినలేదు, పంది గొంతు కోస్తే అరిచినట్టు, షెడ్డులోంచి బయటికి వచ్చింది, లారీలు తూచే వే బ్రిడ్జి మలుపు దాకా వచ్చింది, అక్కడ ఒక్కసారి గుంజి నిలబడిపోయింది, పట్టేసింది, బండిని తర్వాత షెడ్డులోకి లాక్కొచ్చారు గానీ వెనక చక్రాలు నేలను గీరిన గీతలు ఇంకా అక్కడే ఉన్నాయి, పంపు కూడా ఆ ఇంజను మీదే తిరగాలి, నాలుగు వేల లీటర్లు కడుపులో ఉన్నాయి, ఒక్క చుక్క విసరలేకపోయింది, మంట అక్కడికి రెండు వందల అడుగుల దూరం.

ప్లైవుడ్డుకి కర్ర పొరలు ఆరబెట్టే షెడ్డు, పొడి కర్ర, కర్ర పొట్టు, జిగురు పీపాలు, అంటుకోవడం కాదు పేలింది, కిటికీ అద్దాలు కత్తుల్లా ఎగిరి వచ్చి ఎదురు గోడలో దిగాయి, ఏడుగురు బయటికి వచ్చారు, ఒకడి చొక్కా వీపుకి కరిగి అతుక్కుపోయింది, ఇంకొకడు చెవి చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు, ఎనిమిదోవాడు మా తమ్ముడు, ఆ ఏడుగురిలో చివరివాణ్ణి తలుపులోంచి తోసింది వాడేనట, తోశాక పైనుంచి అరలు కూలి తలుపుకి అడ్డం పడ్డాయి, వెనక గోడ రేకు గోడ, అక్కడికి చేరాడు, కొట్టడం మొదలుపెట్టాడు, లోపలినుంచి రేకు మీద పిడికిళ్లతో, అన్నయ్యా అని కాదు, ఏ మాటా లేదు, చప్పుడు మాత్రమే, నేను ఇవతలివైపు ఉన్నాను, మా ఇద్దరి మధ్య కాగితమంత రేకు, దాని అంచు పట్టుకుని లాగాను, కాలిన పెనంలా ఉంది, చేతులు అంటుకుపోయాయి, లాగితే రేకు రాలేదు, అరచేతుల తోలు వచ్చింది, ఎవడో గడ్డపార తెచ్చాడు, పొడిచాం, కమ్మీలకు తగిలి వంగిపోయింది, బక్కోడు ట్రక్కు మీద ఎక్కి పంపు పిడి పట్టుకుని ఏడుస్తూ తన్నుతున్నాడు, మనుషులు ట్యాంకు పైప్ విప్పి బకెట్లతో పరుగెడుతున్నారు, బకెట్లతో, లోపల చప్పుడు వేగంగా ఉంది, తర్వాత మెల్లగా, తర్వాత ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి, పదకొండు నిమిషాలు, వే బ్రిడ్జి మీద గడియారం ఉంది కాబట్టి తెలుసు, ఊళ్లోంచి అగ్నిమాపక బండి వచ్చేసరికి నలభై నిమిషాలు, అప్పటికి నేను ఇంకా రేకు లాగుతూనే ఉన్నానట, ముగ్గురు కలిసి నన్ను నేలకేసి పడేసి నా మీద కూర్చున్నారట, ఒకడి వేలు కొరికానట, నాకు గుర్తు లేదు.

నాకు గుర్తున్నది మరదలు, తమ్ముడి పెళ్లాం, నిన్న సాయంత్రం వాళ్ల వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి నా చేతులకు కట్లు మార్చింది, మందు రాసింది, ఏడవలేదు, బావగారూ, నీళ్లబండి అక్కడే ఉందిగా, ఎందుకు ఆగిపోయింది అని అడిగింది, మేనేజరు ఆయిలు మార్చనివ్వలేదమ్మా, మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను అన్నాను, మూడేళ్లు అని వేళ్లు చూపించబోతే కట్టులో వేళ్లు విడిపోలేదు, ఆ అమ్మాయి ఆ చేతుల్ని తన ఒళ్లో పెట్టుకుని, అందరూ బకెట్ల కోసం పరుగెత్తారట బావగారూ, మీరొక్కరే గోడ వదల్లేదట అంది, తమ్ముడి చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, నా గొంతులో ఏదో అడ్డం పడింది, అది ఏడుపు అనుకున్నాను, ఏడుపైతే బయటికి రావాలి కదా, రాలేదు, లోపలే గడ్డకట్టుకుని కూర్చుంది, దాన్ని కదిలించడానికి ఎవర్నైనా కొట్టాలి, ఎవర్నైనా ఏమిటి, ఆ మేనేజరునే, రాత్రంతా వాణ్ణి కొట్టాను మనసులో, చంపి మళ్లీ లేపి చంపాను.

బూట్లు వచ్చాయి, పాలిష్ చేసిన నల్ల బూట్లు, ట్రక్కు పక్కన ఆగాయి, రెండు కొత్త ఆయిలు డబ్బాలు నేల మీద దించిన చప్పుడు, ఎవరి చేతా మోయించలేదు, తనే మోసుకొచ్చాడు, అయిందా మేస్త్రీ, పదవుతోంది అన్నాడు, నేను పాకుతూ బయటికి వచ్చాను, పళ్లెం కూడా లాక్కుంటూ వచ్చాను, ఇటు రండి సార్, ఇది చూడండి అన్నాను, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంగి చూశాడు, అబ్బా, పారబొయ్యి ముందు దీన్ని, కాలవలో వద్దు, వెనక గుంటలో పోసి మట్టి కప్పు అన్నాడు, మట్టి కప్పు అన్నాడు, మూడు రోజుల కిందట మేము మట్టి కప్పి వచ్చాం, అక్కడ నిలబడి ఈ జేబురుమాలే కళ్లకి అద్దుకున్నాడు, పానా పట్టుకున్న నా చేయి ఎప్పుడు లేచిందో తెలియదు, ఆయన వాచీ ఉన్న చేయే, పానా మోచేతి కింద తగిలింది, ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు, ఆయన అరవలేదు, ఆశ్చర్యంగా తన చేతి వంక చూసుకున్నాడు, అది వంగకూడని చోట వంగి ఉంది, తర్వాత అరిచాడు, కాలర్ పట్టుకుని ట్రక్కు తలుపుకేసి కొట్టాను, ఒకసారి, రెండోసారి, కార్డు కవరు ఊడి కింద పడింది, ముక్కులోంచి నెత్తురు నా కట్ల మీద పడింది, నా నెత్తురూ ఆయనదీ కలిసిపోయాయి, తిరగని బండికి ఆయిలెందుకురా, చెప్పరా, ఎందుకో ఇప్పుడు చెప్పరా అన్నాను, ఇరవై రెండేళ్లలో మీరు తప్ప అనని నోరు రా అంది, ఎంత సుఖంగా ఉందో, మోకాలి వెనక తన్ని కూలదోసి, జుట్టు పట్టుకుని ఆ ముఖాన్ని పళ్లెంలో అదిమాను, ఆ ముద్దలో, తాగు, మూడేళ్ల ఆయిలు, తాగు, కాళ్లు నేలకేసి కొట్టుకుంటున్నాయి, బూట్లు గీరుకుంటున్నాయి, లెక్కపెట్టాను, అయిదు, ఆరు, వాడు పదకొండు నిమిషాలు, నువ్వు పదకొండు లెక్కపెట్టేదాకా కూడా ఆగలేవా, తల పైకి లాగాను, మనిషి ముఖం లేదు, నల్లటి ముద్దలో రెండు తెల్లటి కళ్లు, నోరు తెరిచి గాలి కోసం గుటకలు వేస్తోంది, పానా ఎత్తాను, ఈసారి నడినెత్తి, ఆ నోరు అంది, పంపాను కదయ్యా, పోయినేడు పంపాను కదా, రెండు డబ్బాలు, నువ్వే కదా తీసుకెళ్లావు.

పానా గాల్లోనే ఉంది, అబద్ధం అన్నాను, అబద్ధం కాదు మేస్త్రీ, వర్షాలప్పుడు, నువ్వు నాతో పోట్లాడి వెళ్లావు, నేను భయపడ్డాను, ఆ సాయంత్రమే స్టోరుకి చెప్పాను, నీ చేతికే ఇచ్చామన్నారు అన్నాడు, మాటకీ మాటకీ మధ్య నల్లగా ఉమ్మాడు, ఆయన కళ్లలో అబద్ధం ఆడే ఓపిక లేదు, నన్ను మోసగించే తెలివి కూడా ఆ క్షణంలో లేదు, బతకాలన్న భయం ఒక్కటే ఉంది, వర్షాలప్పుడు, రెండు డబ్బాలు, రెండు చేతుల్లో రెండు, మూతకి వేసిన సీలు కూడా గుర్తుంది, ఎర్రది.

ఆ రోజు వర్షం కురుస్తోంది, ఇదే షెడ్డు, నేల చిత్తడిగా ఉంది, నడుం నొప్పి, ఈ తడి నేల మీద పడుకుని ఆ బోల్టు ఎవడు విప్పుతాడు అనుకున్నాను, అయినా వంగాను, పైకెక్కి మూత తీసి చూశాను, మీగడ ఉంది, అప్పుడే చూశాను మీగడ, ఇవాళ కాదు రేపు చేద్దాం అనుకున్నాను, తమ్ముడు వచ్చాడు, తల మీద గోనెసంచి కప్పుకుని, వాడి పాత వ్యాను పొగ కక్కుతోందని వారం నుంచి నన్ను సతాయిస్తున్నాడు, ఇవి తీసుకుపోరా, నీ వ్యానుకి పోద్దాం అన్నాను, నేనే అన్నాను, వాడు అడగలేదు, వాడు డబ్బాల వంక చూసి, ట్రక్కు వంక చూసి, మరి అల్లుడుగారికో అన్నాడు, నవ్వుతూ కాదు, నిజంగానే అడిగాడు, అన్నయ్యా, మరి దీనికో అని మళ్లీ అడిగాడు, అది ఎక్కడికి పోతుందిరా, ఇక్కడే పడి ఉంటుంది, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాను, పని తెలిసినవాణ్ణి నేను, నేను చెప్పాక వాడేం అంటాడు, ఇద్దరం వ్యాను కిందకి దూరి ఒక గంటలో మార్చేశాం, అక్కడ నేల తడిగా లేదా, ఉంది, నడుం నొప్పి లేదా, ఉంది, వాడు పక్కనుంటే తెలియలేదు, తర్వాత వచ్చి ఇదే కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టాను, తనిఖీ ఎవరూ రాలేదు ఆ వారం, ఎవరూ పెట్టమనలేదు, చేయి దానంతటదే పెట్టింది, మేనేజరు ఇవ్వనిది రెండేళ్లు, మూడు కాదు, మూడోది నాది, ఆ రోజు ఒక్క గంట ఇదే నేల మీద పడుకుని ఉంటే, చాంబరు విప్పి జల్లెడ కడిగి ఉంటే, గురువారం మధ్యాహ్నం బక్కోడు ఆ మలుపు తిరిగి ఉండేవాడు.

పానా కింద పెట్టాను, విసరలేదు, పెట్టాను, మేనేజరు విరిగిన చేతిని పొట్టకు అదుముకుని వెనక్కి జరుగుతున్నాడు, నేను పైచొక్కా విప్పి ఆయన ముఖం తుడవబోతే తల తిప్పుకున్నాడు, మళ్లీ కొడతాననుకున్నాడు, తర్వాత మెల్లగా తుడవనిచ్చాడు, కళ్లు, ముక్కు, పెదాలు, మేస్త్రీ, జారిపడ్డానని చెప్తాను, ఎవరికీ తెలియక్కర్లేదు, నువ్వు ముందు ఆ బోల్టు బిగించి ఆయిలు పొయ్యి, ఇంకా ముప్పావు గంట ఉంది అన్నాడు, మంచివాడిలా అన్నాడు, నిజానికి మంచివాడూ కాదు చెడ్డవాడూ కాదు, నాలాంటివాడే, రెండేళ్లు వాడు వాయిదా వేశాడు, ఒక ఏడాది నేను వేశాను, ఆయన చెప్పినట్టు చేస్తే ఈ చేయి విరగనట్టే, ఆ డబ్బాలు నేను తీసుకోనట్టే, ఇంజను దాని ఖర్మకొద్దీ పట్టేసింది, మరదలు జీవితాంతం నా చేతులకు దండం పెడుతుంది, ఎంత తేలిక, పదహారు లీటర్లు పొయ్యడానికి పది నిమిషాలు, బయట గేటు దగ్గర జీపు హారన్ మోగింది, ముందే వచ్చేశారు, మేనేజరు నా వంక చూస్తున్నాడు, డబ్బాల వంక చూస్తున్నాడు, నేను వాటి మూతలు తియ్యలేదు, పళ్లెం ఉన్నచోటే ఉంచాను, కట్లు నల్లగా తడిసిపోయాయి, గొంతులో గడ్డకట్టింది ఏడుపు కాదని ఇప్పుడు తెలుస్తోంది, అది ఒక మాట, నాలుగు రోజులుగా దాన్ని బయటికి రానివ్వకుండా ఉండటానికే నేను వీణ్ణి కొడుతున్నాను, మనసులోనూ, ఇక్కడానూ, చిన్న మాటే, వచ్చేవాళ్లకి చెప్పేముందు ఇంటికెళ్లి ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట, తెలిసి తెలిసి మార్చనిది నేను.